మోడల్ రైల్వే లేఅవుట్‌కి నవ్వొచ్చే కథ అల్లడం ఎలా: కోటిపల్లి లైన్‌లో మన "నిదానవరం రోడ్"

టేబుల్ మీద బుల్లి రైళ్ళు, పట్టాలు, ఊళ్ళతో కట్టే మోడల్ రైల్వే లేఅవుట్ చూడ్డానికి వచ్చినవాళ్ళు మొదటి రెండు రౌండ్లు కళ్ళప్పగించి చూస్తారు, మూడో రౌండుకి ఫోన్ తీస్తారు, అందులో వాళ్ళ తప్పేం లేదు, బండి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో ఎవరి కోసం ఆగుతోందో తెలీనప్పుడు ఎంతసేపని చూస్తారు. అదే బండి వెనక ఒక కథ ఉండి, అందులో నవ్వు కూడా ఉంటే, మనిషి టేబుల్ మీదకి వంగి బోర్డులు చదవడం మొదలెడతాడు, "ఈ కోటేసుకున్నాయన ఎవరండీ" అని అడుగుతాడు, మీరు చెప్తారు, వెంటనే ఇంకోటి అడుగుతాడు. పట్టాలు వెయ్యడం, వైరింగు, చెట్లు చెయ్యడం అన్నీ ఇష్టమే గానీ ఈ హాబీ మొత్తంలో నాకు ప్రాణం ఈ కథ కట్టే పనే. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నా, ఉదాహరణకి ఒక్క లేఅవుటే తీసుకుని చివరిదాకా దాన్నే పట్టుకుని వెళ్తా.

ముందు జోకుల గురించి ఆలోచించొద్దు. ముందు నిజం చరిత్రలో మీ ఊరు పట్టేంత ఖాళీ ఎక్కడుందో వెతకండి. థామస్ ఇంజన్ కథలు రాసిన రెవరెండ్ ఆడ్రీ ఇదే చేశారు, ఇంగ్లండ్ చర్చిలో "సోడర్ అండ్ మ్యాన్" అని ఒక డయోసిస్, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం, ఉంది, మ్యాన్ అనే దీవి నిజంగానే ఉంది, సోడర్ అనే దీవి మాత్రం మ్యాప్‌లో లేదు, ఇంకేం, ఆ లేని దీవిని ఆయన సముద్రంలో పెట్టేసి, తమ్ముడు జార్జ్‌తో కలిసి దానికి ఊళ్ళు, నదులు, చరిత్ర అన్నీ కల్పించారు. పునాది నిజం కాబట్టి పైన కట్టిందంతా నిలబడింది.

మనకి అలాంటి ఖాళీ కాకినాడ–కోటిపల్లి లైన్‌లో ఉంది. సుమారు 45 కిలోమీటర్ల బ్రాంచి లైన్, 1928లో వేశారు, రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక 1940లో పట్టాలు పీకేసి యుద్ధ అవసరాలకి పట్టుకెళ్ళారు, మళ్ళీ ఆ దారిలో రైలు తిరిగింది 2004లో. అంటే 64 ఏళ్ళు. ఇంత ఖాళీ దొరికితే అందులో ఒక ఊరు కాదు మండలమే పడుతుంది. ద్రాక్షారామం దాటాక కోటిపల్లి లోపు నిదానవరం రోడ్ అని మనమొక స్టేషన్ పెడదాం.

ఇప్పుడు కథకి వేరు కావాలి, ఒక్కటే వేరు. నా అనుభవంలో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే, చాయ్ కొట్టుకో జోకు, పోలీస్ స్టేషన్‌కో జోకు, గుడికో జోకు అని ఎక్కడికక్కడ విడివిడిగా పెట్టేస్తారు, చూసినవాడు ఒకసారి నవ్వి వెళ్ళిపోతాడు. అలా కాకుండా ఒకే ఒక్క విషయం అబద్ధం చెయ్యండి, మిగతావన్నీ దాన్నుంచి పుట్టాలి. మన వేరు ఏంటంటే: 1940లో బండి రద్దయిందని నిదానవరం వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. వాళ్ళ లెక్కలో బండి లేటు, అంతే. పొద్దున పదింపావు పాసింజరు 64 ఏళ్ళు లేటుగా వచ్చింది. ఈ మధ్యకాలమంతా స్టేషన్ మాస్టర్ ఉద్యోగం తండ్రి నుంచి కొడుకుకి, కొడుకు నుంచి మనవడికి వచ్చింది, ముగ్గురూ రోజూ రిజిస్టర్లో "బండి రాలేదు, కారణం తెలియదు" అని రాసి సంతకం పెట్టారు.

ఇంక లేఅవుట్ దగ్గరికి రండి. ఒక కాగితం తీసుకుని మీ లేఅవుట్‌లో నిజం రైల్వేకి పొసగనివన్నీ రాయండి. ప్రతి లేఅవుట్‌లోనూ ఉంటాయి, జాగా చాలక కొన్ని, డబ్బు చాలక కొన్ని, దొరికే సరుకే అంత కాబట్టి కొన్ని. ఆ లిస్టే మీ కథలకి ముడిసరుకు. పొసగని ప్రతిదాన్నీ ఒక ప్రశ్న అనుకోండి, ఆ ప్రశ్నకి ఊళ్ళోవాళ్ళు ఏం సమాధానం చెప్తారో అదే మీ కథ.

మొదటి ప్రశ్న గేజ్, అంటే పట్టాల మధ్య దూరం. మన లేఅవుట్ హెచ్‌ఓ స్కేల్, అంటే 1:87, అసలుదాంట్లో 87వ వంతు సైజు, అందులో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, 87తో గుణిస్తే 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్ వస్తుంది. మన బ్రాడ్ గేజ్ 1676. కరెక్టుగా చెయ్యాలంటే పట్టాల మధ్య 19.3 మిల్లీమీటర్లు ఉండాలి, ఆ సైజు పట్టాలు బజార్లో రెడీగా దొరకవు కాబట్టి దాదాపు అందరం 16.5తోనే సర్దుకుంటాం. తేడా 241 మిల్లీమీటర్లు, అంటే జానెడు పైచిలుకు. తెలిసినవాళ్ళు వస్తే మొదట అడిగేది ఇదే. నిదానవరంలో సమాధానం: "యుద్ధానికి వెళ్ళొచ్చింది కదండీ, చిక్కిపోయింది." పట్టాలు తిరిగొచ్చిన రోజున ఊళ్ళో ఆడవాళ్ళంతా చూసి ఎంత చిక్కిపోయాయో అని కళ్ళనీళ్ళు పెట్టుకుని, పసుపు రాసి దిష్టి తీశారు. మరి కాకినాడ నుంచి వచ్చే బ్రాడ్ గేజ్ బండి వీటి మీదకి ఎలా వస్తుందంటారా, ఊరి పొలిమేరలో ఒక నిమిషం ఆగి, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని వస్తుంది. అక్కడ నిజంగానే చిన్న స్టాప్ బోర్డు పెట్టండి, నడిపేటప్పుడు బండిని అక్కడ నిజంగానే ఆపండి. కథ వల్ల బండి నడిపే పద్ధతి మారితే చూసేవాళ్ళు ఆ కథని నమ్మేస్తారు.

రెండోది వంపు. స్టార్టర్ సెట్లలో వచ్చే 18 అంగుళాల రేడియస్ వంపుని 87తో గుణించండి, సుమారు 40 మీటర్లు. మన బ్రాడ్ గేజ్‌లో ఎంత బిగుతు వంపైనా 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల రేడియస్. నాలుగో వంతు కూడా లేదన్నమాట. దీనికి పనసచెట్టు. పట్టాలు పీకేసిన ఏడాదే ఒకావిడ ఆ ఖాళీ జాగాలో పనస గింజ పాతింది, 2004లో రైల్వే వాళ్ళు టేపు పట్టుకొచ్చేసరికి సరిగ్గా లైన్ మధ్యలో మహావృక్షం, కాయలతో సహా. ఆవిడ కోడలు చెట్టుకింద మంచం వేసుకుని "మా అత్తగారు బండి వచ్చేదాకా నీడకి ఉంటుందని వేసింది, బండి వచ్చింది కాబట్టి కొట్టెయ్యమంటే ఎలా" అంది. పట్టాలు చెట్టు చుట్టూ తిరిగాయి. వంపు లోపల పెద్ద చెట్టు పెట్టడం లేఅవుట్‌కి కూడా మంచిదే, వంపు ఎంత బిగుతో కంటికి తెలీదు. ఏటా మొదటి పనసకాయ లోకోపైలట్‌కి ఇవ్వాలని ఒప్పందం, అందుకని వేసవిలో బండి అక్కడ ఒక నిమిషం ఎక్కువ ఆగుతుంది.

మూడోది సొరంగం, నాకు బాగా ఇష్టమైనది. లేఅవుట్ వెనక వంపుని దాచడానికి అందరం ఒక కొండ పెట్టి సొరంగం చేస్తాం, కానీ గోదావరి డెల్టాలో కొండెక్కడిది, పొద్దున్నే లేచి చూస్తే ఆకాశం దాకా వరిచేలే. ఇక్కడ మళ్ళీ నిజం చరిత్రని వాడుకోండి. 1960ల్లో ఇప్పటి విజయనగరం జిల్లా కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్‌కి ఇనుప ఖనిజం కోసం కేకే లైన్ వేశారు, అందులో 58 సొరంగాలు. ఆఫీసులో ఫైళ్ళు తారుమారై 59వ సొరంగం నిదానవరానికి శాంక్షన్ అయిపోయింది. అప్పటికి అక్కడ లైనూ లేదు, కొండా లేదు, సొరంగానికి మాత్రం నిధులొచ్చాయి, మార్చి నెలాఖరులోపు ఖర్చుపెట్టకపోతే వెనక్కి పోతాయి. దాంతో ఊరంతా కలిసి చెరువు తవ్విన మట్టితో ముందు కొండ కట్టి, తర్వాత దానికి సొరంగం తవ్వారు. మీ కొండ థర్మోకోల్ మీద ప్లాస్టర్ వేసిందే కదా, ఎక్కడైనా కాస్త కృత్రిమంగా కనిపించినా ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు, అది కట్టిన కొండే. పక్కన ఖాళీ జాగా ఉంటే చెరువు పెట్టండి, కొండంత చెరువు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ఊరు పెట్టడానికి బోర్డు మీద జాగా లేకపోతే స్టేషన్ పేరు చివర రోడ్ పెట్టండి, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నిజానికి ఆమదాలవలసలో ఉన్నట్టే నిదానవరం ఊరు గోదావరి పాయ అవతలి ఒడ్డున ఉంది, అవతలి ఒడ్డు టేబుల్ అంచు దాటాక ఉంది. జనం పంటు మీద, అంటే జనాన్ని ఏరు దాటించే బల్లకట్టు లాంటి పడవ మీద, రేవు దాటి రావాలి, పంటు రాకుండా బండి కదలదు, బండి కూత వినకుండా పంటు కదలదు, ఇద్దరిలో ముందు ఎవరు అనేది రోజూ తేలాలి. మీ దగ్గర అమెరికా రంగుల్లో ఉన్న ఇంజన్ ఒకటే ఉందా, 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి మొదటి డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్లు మనకి వచ్చాయి, వాటితో పాటు వచ్చిన ఒక చుట్టం తిరిగి వెళ్ళలేదు, గోదావరి భోజనం అలవాటైపోయింది.

సరుకు అతికించేసి ఉన్న వ్యాగన్ సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అది అందరినీ ఇబ్బంది పెట్టేదే. నిండుగా వస్తుంది, నిండుగానే వెళ్తుంది, చూసినవాళ్ళు "ఏం దించారు మరి" అంటారు. మన వ్యాగన్లో ఉన్నవి పెంకులు. 1940లో ఒకాయన ఇల్లు కట్టుకుంటూ పెంకులకి ఆర్డరిచ్చాడు, అవి 2004లో వచ్చాయి. ఈలోపు మనవడు స్లాబ్ ఇల్లు కట్టేశాడు, పెంకులు నాకెందుకంటాడు. కిరాయి కట్టిన సరుకు వెనక్కి పంపడం కుదరదని స్టేషన్ మాస్టర్ అంటాడు. వ్యాగన్ ఖాళీ చెయ్యనందుకు డెమరేజీ కట్టమని ఈయన, 64 ఏళ్ళ ఆలస్యానికి నాకే వడ్డీ కట్టమని ఆయన. రోజూ వ్యాగన్ వస్తుంది, ఇద్దరూ అరగంట వాదించుకుంటారు, వ్యాగన్ వెళ్తుంది. ప్లాట్‌ఫాం మీద చేతులు చాపిన బొమ్మలు రెండు ఎదురెదురుగా పెట్టండి, చాలు.

బొమ్మల మాట వచ్చింది కాబట్టి. 1:87లో మనిషి ఎత్తు దాదాపు 19 మిల్లీమీటర్లు. జర్మనీ ప్రైజర్ కంపెనీ బొమ్మలు బావుంటాయి, కానీ వేషం యూరప్‌ది, గౌను వేసుకున్న బొమ్మకి పలచటి రంగుతో చీర, ప్యాంటుకి తెల్లరంగుతో పంచె వేసుకోవచ్చు. ఓవర్‌కోటు, సూట్‌కేసు ఉన్న బొమ్మ మాత్రం ఎంత రంగేసినా మన మనిషి అవ్వదు. దాన్ని మార్చకండి. ఆయన కేకే లైన్ ఇంజనీరు, అరకు చలికని కోటేసుకుని బయల్దేరాడు, ఫైల్లో ఉన్న అడ్రసు ప్రకారం ఇక్కడ దిగాడు, మే నెల ఎండలో ప్లాట్‌ఫాం చివర నిలబడి కొండ కోసం చూస్తున్నాడు. కొండ కట్టే ఆలోచన ఇచ్చింది కూడా ఆయనే. ఊళ్ళో పిల్లనిచ్చి పెళ్ళి చేశారు, కోటు మాత్రం విప్పడు, ఏ రోజైనా అరకు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ రావచ్చని. ఇలా ఒక్కో మనిషికీ ఒక పని, తీరని ఒక కోరిక ఇవ్వండి. నలుగురైదుగురికి కథ ఉంటే చాలు, మిగతావాళ్ళు జనం.

ఇంకా టికెట్. ఒక ముసలాయన దగ్గర 1940లో కొన్న అట్ట టికెట్ ఉంది, మూడో తరగతి. మూడో తరగతిని 1974లోనే ఎత్తేశారు. టికెట్ చెల్లుతుందని టీటీ ఒప్పుకున్నాడు, బండి రైల్వే వల్ల లేటైంది కాబట్టి, కానీ ఎక్కించడానికి ఆ తరగతి పెట్టె లేదు. రెండో తరగతిలో ఎక్కమంటే తేడా డబ్బులు కట్టాలి, ముసలాయన కట్టడు, ఆయన తప్పేం ఉంది అందులో. టికెట్ మీద స్టేషన్ కోడ్ కూడా పాతదే వెయ్యండి, విజయవాడకి బెజవాడ నాటి బీజెడ్ఏ, కాకినాడ టౌన్‌కి కొకనాడ నాటి సీసీటీ ఇంకా నడుస్తున్నాయి కదా. నిదానవరం కోడ్ పీఆర్‌జీఎల్, బండి టైముకి వచ్చే రోజుల్లో ఊరిపేరు పరుగులంక.

ఇదంతా నోటితో చెప్తే సగమే పండుతుంది, లేఅవుట్ మీద కనబడాలి. స్టేషన్ బోర్డు పసుపు మీద నలుపు, పైన తెలుగు, తర్వాత హిందీ, ఇంగ్లిష్, కింద సముద్రమట్టం ఎత్తు. 35 మిల్లీమీటర్ల వెడల్పు చేస్తే నిజంలో 3 మీటర్ల బోర్డు లెక్క, సరిపోతుంది. అక్షరాలు 4 పాయింట్ల కన్నా చిన్నవైతే తెలుగు చదవలేం, ఒత్తులు కలిసిపోయి మచ్చల్లా అవుతాయి, లేజర్ ప్రింట్‌లో కూడా అంతే. అందుకే ఊరిపేరు ఎంచుకునేటప్పుడు ఒత్తులు లేనిది ఎంచుకోండి. పొడుగు నోటీసులు స్కేల్లో వెయ్యకండి, టేబుల్ అంచున పలకకి మామూలు సైజులో అంటించండి.

నోటీసు భాష విషయంలో నాది గట్టి అభిప్రాయం. రాసే ఆఫీసరు నవ్వకూడదు. ఆశ్చర్యార్థకాలు, కన్నుగీటడాలు ఏవీ వద్దు, పాత రైల్వే నోటీసుల తెలుగే రాయండి:

"1940 నాటి మూడో తరగతి టికెట్లు ఈ స్టేషనులో చెల్లును. మూడో తరగతి పెట్టె లేదు. ప్రయాణికులు సహకరించవలెను."

"కొండ ఇంకను ఆరలేదు. ఎక్కరాదు."

"పెంకుల వివాదములో ప్రయాణికులు జోక్యము చేసుకొనరాదు."

అనౌన్స్‌మెంట్ కూడా ఫోన్‌లో రికార్డు చేసి టేబుల్ కింద చిన్న బ్లూటూత్ స్పీకర్ పెట్టండి. "దయచేసి వినండి. కాకినాడ టౌన్ నుండి కోటిపల్లి వెళ్ళు పాసింజరు నిర్ణీత సమయం కన్నా 64 సంవత్సరాలు ఆలస్యముగా నడుచుచున్నది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." ఇంట్లో ఎవరి గొంతు గంభీరంగా ఉంటే వాళ్ళతో చెప్పించండి, నవ్వకుండా చదవగలిగేవాళ్ళయితేనే.

వద్దనుకోవాల్సినవి కూడా ఉన్నాయి. కులం మీద, యాస మీద, ఒంటి రూపం మీద జోకులొద్దు, లేఅవుట్ ముందు నిలబడే పిల్లల్లో ఎవరి ఇల్లు ఏదో మీకు తెలీదు. రైలు ప్రమాదాలు కథలోకి తేవద్దు. నిజంగా బతికున్న మనుషుల పేర్లు, లీడర్ల పేర్లు షాపుల మీద పెట్టొద్దు. సినిమా డైలాగులు బోర్డుల మీద రాస్తే ఏడాదిలో పాతబడతాయి, అవి మీవి కూడా కాదు. నిదానవరంలో మనుషులెవరూ తెలివితక్కువవాళ్ళు కాదని గమనించండి, ప్రతివాళ్ళకీ వాళ్ళ కారణం ఉంది, ఆ కారణం గట్టిది, అందుకే నవ్వొస్తుంది.

వేరు గట్టిపడ్డాక పూర్తిగా విడ్డూరమైంది ఒక్కటి పెట్టుకోవచ్చు. కాలిఫోర్నియాలో మాంటెరీలో ఉండే జాన్ ఆలెన్ గారి గోరీ అండ్ డిఫీటెడ్ లేఅవుట్ ఈ విషయంలో ఇప్పటికీ గురువే, అంత నిజంలా కనిపించే కొండలు, వంతెనల మధ్య ఎమ్మా అనే స్టెగోసారస్ వ్యాగన్లు షంటింగ్ చేస్తూ, అంటే ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారుస్తూ ఉండేది, రాక్షసబల్లికి ఇంజన్ డ్యూటీ అన్నమాట. ఆయన 1973లో పోయారు, కొద్ది రోజులకే లేఅవుట్ కూడా అగ్నిప్రమాదంలో పోయింది, కానీ ఎమ్మా సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. చుట్టూ అంతా శ్రద్ధగా నిజంలా ఉంది కాబట్టే ఆ ఒక్కటీ పేలింది.

మనకి అచ్చోసిన ఆంబోతు ఉంది. 64 ఏళ్ళు పట్టాల జాగా ఆంబోతు వంశానిదే, సాయంత్రం మెయిన్ లైన్ మీద పడుకోవడం వంశపారంపర్య హక్కు. రైల్వే వాళ్ళు విషయం అర్థం చేసుకుని దాన్ని సిగ్నల్‌గా గుర్తించారు, పడుకుంటే ఎరుపు, లేస్తే ఆకుపచ్చ. నడిపేటప్పుడు పాచిక వెయ్యండి, ఆరు పడితే ఆంబోతుని పట్టాల మీద పెట్టి బండి ఆపండి, మళ్ళీ ఆరు పడేదాకా కదలకూడదు. పిల్లలకి ఈ పాచిక ఇచ్చారంటే ఇంక వాళ్ళని టేబుల్ దగ్గర్నించి లేపడం కష్టం.

అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి, సంవత్సరాలతో సహా. వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నలు కూడా రాయండి, మీకు తట్టని దారులు వాళ్ళ ప్రశ్నల్లోనే ఉంటాయి. "పంటు నడిపేవాడికి ఈత వచ్చా" అని ఒక పాప అడిగితే దానికి సమాధానం అక్కడికక్కడే చెప్పెయ్యకండి, ఊళ్ళో కనుక్కుని చెప్తానని చెప్పి, 64 ఏళ్ళ వేరుకి కలిసే సమాధానం దొరికాక రాయండి. కలవకపోతే ఎంత నవ్వొచ్చేదైనా పక్కన పెట్టండి.

ఒక పని మాత్రం చెక్క కొనేటప్పుడే చెయ్యాలి. అసలు లైన్ కోటిపల్లితో ఆగేది కాదు, బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్నప్పుడు మంజూరైన కోటిపల్లి–నరసాపురం లైన్ గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు మూడూ దాటి అమలాపురం మీదుగా వెళ్ళాలి. అసలు బండి గౌతమి దాటిన రోజున మన నిదానవరంలో కూడా వంతెన అడుగుతారు, అప్పుడు రోడ్ అనే మాట తీసెయ్యాలా, పంటు ఏమవ్వాలి అనేవి తేలాలి. అందుకని రేవు వైపు టేబుల్ అంచుకి రంగులు, బోర్డులు అంటించకుండా వదలండి, ఇంకో బోర్డు కలపడానికి బోల్టు బెజ్జాలు ఇప్పుడే పెట్టించండి. పంటు ఆయన మాత్రం వంతెన మీద టోల్ గేట్ తనకే ఇవ్వాలని ఇప్పటికే అర్జీ పెట్టేశాడు, దాని కాపీ స్టేషన్ మాస్టర్ గదిలో గోడకి అంటించి ఉంటుంది.